జరం తగ్గినంక మళ్ళీ వస్తే?

మా రామన్నపేటలో పెద్దోళ్ళకి సర్ది, జరం తగ్గితే ఇంటిల్లిపాదీ నిమ్మళమైతరు. అసలు కనిపెట్టుకొని ఉండాల్సింది అప్పుడే.

ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే ఫైర్‌వాల్ ఆఫ్. ముక్కు, గొంతులో ఊరికే కూసున్న న్యుమోకాకస్ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా చేస్తుంది. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమందిది ఇదే కథ. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు టీమే. అట్లని మొదటి రోజే మెడికల్ షాపుల యాంటీబయాటిక్ కొనకండి, వైరస్‌కి అది పనిచెయ్యదు.

కొంచెం బాగై మళ్ళీ జరం, దమ్ము వస్తే మాత్రం వెంటనే దవాఖానకు. పెద్దోళ్ళకి ఒక్కోసారి జరమే ఉండదు. అన్నం మానేస్తరు, మాట తికమక అయితది. మా నాయనమ్మకు అట్లయితే నిద్ర చాల్లేదనుకున్నం. ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 86.