లోపం కంపెనీది, ఖర్చు బండివాడిదా?

వేమూరు: పొలం వెళ్లాలన్నా, తెనాలి, రేపల్లె పోవాలన్నా ఈ ప్రాంత రైతులకు, కూలీలకు మోటారు సైకిలే ఆధారం. అది మొరాయిస్తే నేరుగా షెడ్డుకు తోసుకుపోవడం, మెకానిక్కు చెప్పినంతా చెల్లించడం అలవాటైపోయింది. లోపం తయారీలోనే ఉండవచ్చునన్న అనుమానం చాలామందికి రాదు. వచ్చినా ఎవరిని అడగాలో తెలియదు.

ప్రాణాల మీదికి

తయారీ లోపాలు ఒక్కోసారి ప్రాణాలు తీస్తాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో ఓ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి యజమాని మరణించాడు. భార్య తీవ్రంగా గాయపడింది. ఆ బండి కొని ఒక్కరోజే అయింది. అదే వారంలో నిజామాబాద్‌లోనూ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు చనిపోయాడు. దేశంలో పలుచోట్ల ఇటువంటి ప్రమాదాలు జరగడంతో ఆ నెలలోనే ఒకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను తనిఖీకి వెనక్కి పిలిపించాయి.

పెట్రోలు బండ్లకూ ఇది తప్పలేదు. ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం ఉన్నదని 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బండ్లను పిలిపించింది. లోపమున్న కాయిల్‌ను ఉచితంగా మార్చుతామని ప్రకటించింది.

చట్టం ఏమంటోంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 110-ఏ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన లోపమున్న వాహనాలను వెనక్కి తీసుకోవాలని కంపెనీని ప్రభుత్వం ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బండి వయసు ఏడేళ్ల లోపు ఉండాలి. ఒకే లోపంపై ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరితేనే విచారణ కదులుతుంది కనుక ప్రతి ఫిర్యాదుకూ విలువ ఉంది. అయితే టైర్లు, చైను, బ్రేకు వంటివి వాడకంలో అరిగితే ఆ ఖర్చు యజమానిదే.

పేరు మార్చుకోకుంటే నష్టమే

పల్లెల్లో సెకండ్‌హ్యాండ్ బండ్లు చేతులు మారినా కాగితాలు మారవు. కంపెనీ పంపే కబురు పాత యజమానికే పోతుంది. లోపమున్న బండి మాత్రం కొత్తవాడి కింద నడుస్తూ ఉంటుంది. కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలిపి పేరు మార్చుకోవాలి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు డీలరుకు చూపి, బండి పిలుపు జాబితాలో ఉందో లేదో అడగాలి.

ఏం చేయాలి?

బిల్లులు, సర్వీసు పుస్తకం, జాబ్ కార్డులు పారేయరాదు. లోపాన్ని డీలరుకు రాతపూర్వకంగా తెలిపి నకలు ఉంచుకోవాలి. పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ న్యాయం జరగకుంటే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. బండి ఎక్కడ కొన్నా సొంత జిల్లాలోనే కేసు వేయవచ్చు. కొన్న విలువ రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు.

విద్యుత్ స్కూటర్లున్నవారు బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్ పెట్టరాదు. కంపెనీ ఇచ్చిన ఛార్జరునే వాడాలి. బ్యాటరీ ఉబ్బినా, మాడు వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపి డీలరుకు తెలపాలి.