పలకల మేడలకు కొత్త ఊపిరి: పునరుద్ధరణలో నివాసుల పాత్ర

ఒక పెద్ద నివాస సముదాయం పాతబడినప్పుడు సాధారణంగా రెండు మార్గాలే చర్చకు వస్తాయి. మొదటిది, మొత్తం కూల్చివేసి కొత్తగా నిర్మించడం. రెండవది, రంగులు వేసి మరికొంత కాలం గడపడం. మొదటి మార్గంలో ఖర్చు అపారం. అక్కడ నివసించేవారు ఏళ్ళ తరబడి మరొక చోట తలదాచుకోవలసి వస్తుంది, తిరిగి వస్తారన్న భరోసా కూడా ఉండదు. రెండవ మార్గంలో మేడ బయటికి బాగుపడినట్లు కనిపించినా లోపలి చెమ్మ, వేడి, కరెంటు బిల్లు యథాతథంగా ఉంటాయి.

ఐరోపాలోని కొన్ని నగరాలు మూడవ మార్గాన్ని ఎంచుకున్నాయి. ఉన్న కట్టడాన్ని నిలబెట్టి, అది వాడే ఇంధనాన్ని తగ్గించి, చుట్టూ ఉన్న నేలను, నీటిని సంరక్షించి, నివాసులను అక్కడే ఉంచే మార్గమది. దీనినే పర్యావరణ పునరుద్ధరణ అంటున్నారు. ఈ పని ఎలా జరిగింది, అందులో నివాసులకు ఎంత పాత్ర దక్కింది, మన నగరాలకు దాని నుండి ఏమి అందుతుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

పలకల మేడ అంటే ఏమిటి?

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో ఇళ్ళ కొరత తీవ్రమైంది. ఇటుక మీద ఇటుక పేర్చి కట్టే పద్ధతి ఆ కొరతను వేగంగా తీర్చలేకపోయింది. అందువలన గోడలను, శ్లాబులను కర్మాగారంలోనే కాంక్రీటుతో పోతపోసి, లారీలపై తెచ్చి, క్రేనుతో నిలబెట్టి, అతుకులు కలిపే పద్ధతి వ్యాపించింది. మన ఇంజనీర్లు దీనిని ప్రీకాస్ట్ పద్ధతి అంటారు.

స్వీడన్ 1965 నుండి 1974 వరకు పదేళ్ళలో పది లక్షల ఇళ్ళు నిర్మించే కార్యక్రమాన్ని చేపట్టింది. అప్పటి ఆ దేశ జనాభా సుమారు 80 లక్షలు మాత్రమే. ఆ ఇళ్ళలో గణనీయమైన భాగం ఇలాంటి పలకల మేడలే. తూర్పు జర్మనీలో 1970వ దశకంలో ‘డబ్ల్యూబీఎస్ 70’ అనే నమూనా వాడుకలోకి వచ్చి దేశమంతటా విస్తరించింది. తూర్పు బెర్లిన్‌లోని మార్‌జాన్‌లో 1977లో మొదలైన నిర్మాణం, దాని పక్కనున్న హెలర్స్‌డోర్ఫ్ వరకు సాగి, ఐరోపాలోని అతిపెద్ద పలకల మేడల సముదాయాలలో ఒకటిగా రూపుదిద్దుకుంది.

కొత్తలో ఈ ఇళ్ళు వరప్రసాదాలే. సొంత స్నానాల గది, వేడినీళ్ళు, లిఫ్టు ఎందరికో తొలిసారి దక్కాయి. కాలక్రమంలో లోపాలు బయటపడ్డాయి. రెండు పలకలు కలిసే అతుకుల దగ్గర పగుళ్ళు పుట్టి, వాననీరు దిగేది. అతుకుల వద్ద చలి లోపలికి చొరబడి, గోడల మూలలలో చెమ్మ, బూజు చేరేవి. తూర్పు జర్మనీలోని చాలా మేడలలో గదులను వెచ్చబరిచే గొట్టాలకు సరైన నియంత్రణ ఉండేది కాదు. వాడుకతో సంబంధం లేకుండా ఒకే మొత్తం వసూలయ్యేది. గది మరీ వేడెక్కితే నివాసులు చేయగలిగింది ఒక్కటే, చలికాలంలో కిటికీ తెరవడం. కొనుక్కున్న వేడి అలా వీధిలోకి పోయేది.

బెర్లిన్: మేడను బాగుచేయడం ఒక ఎత్తు, అద్దె మరొక ఎత్తు

1990లో రెండు జర్మనీలు ఏకమైన తరువాత ఈ మేడలను ఏమి చేయాలన్న ప్రశ్న తలెత్తింది. బెర్లిన్‌లో అధిక భాగాన్ని నిలబెట్టే నిర్ణయం తీసుకున్నారు. బయటి గోడలకు వేడిని ఆపే పొరలు అంటించారు. పాత కిటికీల స్థానంలో బిగుతైన కిటికీలు అమర్చారు. ప్రతి గదిలో వేడిని తగ్గించుకొనే మీటలు, ప్రతి ఇంటికీ వాడకాన్ని కొలిచే పరికరాలు వచ్చాయి. మేడల మధ్య బోసిగా ఉన్న ఖాళీ స్థలాలలో చెట్లు, ఆటస్థలాలు, పెరటి తోటలు వెలిశాయి.

జనాభా తగ్గిన కొన్ని చోట్ల మరొక పని జరిగింది. మార్‌జాన్ ఉత్తర అంచున ఉన్న అహ్రెన్స్‌ఫెల్డ్ ప్రాంతంలో పదకొండు అంతస్తుల మేడల పై అంతస్తులను తొలగించి, మూడు నుండి ఆరు అంతస్తుల మేడలుగా మార్చారు. పలకలతో కట్టిన మేడను పలకలుగానే విప్పవచ్చు; విప్పిన పలకలలో కొన్నింటిని బెర్లిన్ సమీపంలో కొత్త ఇళ్ళ నిర్మాణానికి తిరిగి వాడారు కూడా.

ఇక్కడే నివాసుల అసలు ఆందోళన మొదలవుతుంది. జర్మనీ చట్టం ప్రకారం ఇంటిని ఆధునికీకరించడానికి అయిన ఖర్చులో ఏటా 11 శాతం వరకు యజమాని అద్దెకు కలుపుకొనే వీలు గతంలో ఉండేది. 2019 నుండి ఈ పరిమితిని 8 శాతానికి తగ్గించారు. అంటే గోడ బాగుపడిన కొద్దీ అద్దె పెరగవచ్చు. కరెంటు, ఇంధన బిల్లులో తగ్గిన మొత్తం కంటే అద్దెలో పెరిగిన మొత్తం ఎక్కువైతే పాత నివాసి ఊరి చివరకు తరలిపోక తప్పదు. ఏ పని ముందు చేయాలి, ఏది మానుకోవచ్చు, దాని భారం ఎవరిపై పడుతుంది అన్న లెక్క పని మొదలు కాకముందే నివాసుల ముందుండాలని అక్కడి అద్దెదారుల సంఘాలు పట్టుబట్టేది ఇందుకే.

గోర్డ్‌స్టెన్: నిర్ణయాధికారం నివాసులకు దక్కిన చోటు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరపు ఈశాన్య కొండలపై గోర్డ్‌స్టెన్ అనే సముదాయం ఉంది. 1970 ప్రాంతంలో నిర్మితమైన ఈ పలకల మేడలు 1990వ దశకం నాటికి చెడ్డపేరు మోస్తున్నాయి. ఎన్నో ఇళ్ళు ఖాళీగా ఉండేవి. మిగిలినవారిలో అనేకులు ఇతర దేశాల నుండి వచ్చి స్థిరపడినవారు. స్వీడిష్ వారి మాతృభాష కాదు.

1997లో నగరపాలక సంస్థ ఈ ఒక్క ప్రాంతం కోసమే ఒక గృహనిర్మాణ సంస్థను ఏర్పాటు చేసింది. దాని పాలకమండలిలో ఆ ప్రాంత నివాసులకే ఆధిక్యం కల్పించింది. ఈ ఏర్పాటు వలన నివాసులు అర్జీ పెట్టుకొని ఎదురుచూసే స్థితి నుండి, లెక్కలు చూసి సంతకం పెట్టే స్థితికి వచ్చారు.

తొలి విడతలో 255 ఇళ్ళను సూర్యరశ్మిపై ఆధారపడే ఇళ్ళుగా మార్చారు. వాస్తుశిల్పి క్రిస్టర్ నూర్డ్‌స్ట్రోమ్ రూపొందించిన ఈ ప్రణాళికలోని పనులు చూడడానికి సరళమైనవే. ఎత్తైన మేడల పైకప్పు దక్షిణపు అంచున సౌర ఫలకాలు అమర్చి, స్నానానికి, బట్టలు ఉతకడానికి నీటిని ముందుగా వేడిచేశారు. బాల్కనీలకు అద్దాలు బిగించి, చల్లని బయటి గాలి అక్కడ కొంత వెచ్చబడిన తరువాతే గదులలోకి వచ్చేటట్లు చేశారు. ఒక వరుస మేడలకు బయటి గోడపై మరొక పొర కట్టి, రెండు పొరల మధ్య సూర్యరశ్మితో వేడెక్కిన గాలి తిరిగేటట్లు ఏర్పాటు చేశారు. ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్న నేల అంతస్తులో అద్దాల తోటలు, ఉమ్మడి ఉతుకుగదులు వచ్చాయి. వంటింటి వ్యర్థాలు ఎరువుగా మారి ఆ తోటలకే చేరాయి. వేడికి, నీటికి, కరెంటుకు ఇంటింటికీ మీటర్లు పెట్టారు.

ఇంధన వినియోగం సుమారు 40 శాతం తగ్గింది. 2005లో ఈ పనికి ప్రపంచ ఆవాస పురస్కారం లభించింది.

ఈ ఫలితాన్ని కేవలం సౌర ఫలకాలకు ఆపాదించడం సరికాదు. అద్దాల తోటకు రోజూ నీళ్ళు పోసేవారు కావాలి. తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసేవారు కావాలి. మీటరు చూసి వాడకం తగ్గించుకొనేవారు కావాలి. వీటిలో ఏ ఒక్కదానినీ గుత్తేదారు చేసి వెళ్ళలేడు. తాము కోరుకున్న దానిని నివాసులు కాపాడుకుంటారు. పైనుండి వచ్చిపడిన దానిని ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వదిలేస్తారు.

మన నగరాలకు దీనితో ఏమి సంబంధం?

పలకల మేడలు మన దేశంలోనూ పెరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వపు లైట్‌హౌస్ ప్రాజెక్టులలో భాగంగా చెన్నైలోని పెరుంబాక్కంలో ప్రీకాస్ట్ పద్ధతిలో నిర్మించిన 1,152 ఇళ్ళను 2022 మే నెలలో ప్రారంభించారు. ఆ పెరుంబాక్కంలోనే, నదీతీరాల నుండి తరలించిన వేలాది కుటుంబాలు నివసించే ప్రభుత్వ గృహసముదాయం కూడా ఉంది. ఈ రోజు కొత్తగా కనిపించే మేడలకు ముప్పై ఏళ్ళ తరువాత పునరుద్ధరణ అవసరం కాక తప్పదు. అందుకు కావలసిన అలవాట్లను ఇప్పటి నుండే పెంచుకోవాలి.

ఐరోపాలో సమస్య చలి, మనకు ఎండ. అక్కడ వేడిని లోపల నిలపాలి, ఇక్కడ బయటే ఆపాలి. పై అంతస్తు ఇళ్ళు మండిపోవడానికి ప్రధాన కారణం పైకప్పే. దానికి తెల్లని పూత వేస్తే ఎండలో అధిక భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేకంగా చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. కిటికీల పైన సన్‌షేడ్లు, పడమటి గోడ వైపు చెట్లు కూడా ఇదే పని చేస్తాయి. వాననీటి సేకరణను తమిళనాడు 2003లోనే భవనాలన్నింటికీ తప్పనిసరి చేసింది. అయితే ఇంకుడు గుంతను ఏటా వానలకు ముందు శుభ్రం చేయకపోతే అది మట్టితో పూడుకుపోయి పేరుకే మిగులుతుంది.

ప్రీకాస్ట్ మేడలో నివసించేవారు మరొక విషయాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. ఇటువంటి మేడలలో చాలా గోడలు పై అంతస్తుల బరువును మోస్తాయి. ఏసీ కోసమో, గొట్టం కోసమో, కొత్త గుమ్మం కోసమో గోడను సొంతంగా తొలిస్తే ఒక్క ఇంటికే కాక మేడ మొత్తానికీ ముప్పు వాటిల్లవచ్చు. అతుకుల వద్ద పగులు, చెమ్మ కనిపించిన వెంటనే పైన సిమెంటు పూసి కప్పివేయక, ఇంజనీరుకు చూపించాలి.

పునరుద్ధరణ ప్రతిపాదన వస్తే అడగవలసినవి

మీ సముదాయంలో మరమ్మతు లేదా పునర్నిర్మాణ ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ ప్రశ్నలను సంఘ సమావేశంలో లేవనెత్తవచ్చు.

1. కూల్చవలసిన అవసరం ఉన్నదని ఏ పరీక్షలో తేలింది? ఆ నివేదికను నివాసులు చూడవచ్చునా?
2. పని జరిగే కాలంలో నివాసులు ఎక్కడ ఉండాలి? తిరిగి వచ్చే హక్కు రాతపూర్వకంగా ఉన్నదా? అద్దెకు ఉండేవారి మాటేమిటి?
3. నెలవారీ నిర్వహణ రుసుము, అద్దె ఎంత పెరుగుతాయి? కరెంటు, నీటి ఖర్చులో ఎంత తగ్గుతుంది?
4. ముందుగా ఒక ఇంటిలో నమూనాగా చేసి చూపిస్తారా?
5. సౌర ఫలకాలు, ఇంకుడు గుంతలు, తోటల నిర్వహణ ఎవరిది? అందుకు స్థానికులకు శిక్షణ, ఉపాధి దక్కుతాయా?
6. సమావేశపు నోటీసు, తీర్మానాలు నివాసులు చదువగలిగే భాషలలో వస్తాయా?

ఆరవ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. ఉపాధి కోసం మరొక రాష్ట్రపు నగరానికి చేరిన కుటుంబాలలో, నోటీసు బోర్డుపై ఉన్న కాగితం చదవలేక సమావేశానికి వెళ్ళనివారు ఎందరో. వెళ్ళినా, తప్పుగా మాట్లాడతామేమోనన్న బెరుకుతో వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటారు. వారి ఇంటి గురించిన నిర్ణయం వారి ఎదుటే, వారి ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. గోర్డ్‌స్టెన్‌లో పరాయి దేశం నుండి వచ్చి, పరాయి భాషలో బ్రతుకుతున్నవారే తమ మేడల రూపురేఖలను నిర్ణయించడంలో పాలుపంచుకున్నారు. అర్థం కాని తీర్మానాన్ని తన భాషలో వివరించమని కోరడం ఏ నివాసికైనా తగిన పనే. ఆ వివరణ అందిన తరువాతే సంతకం చేయడం మేలు.