గౌతమి మోసుకెళ్లిన మన్ను

రావులపాలెంలో వంతెన ఎక్కితే కింద గౌతమి. వరద రోజుల్లో ఆ నీళ్లు ఎర్రగా, చిక్కగా పప్పుచారులా ఉంటాయి. మా లంకల్లో అరటికి అంత బలం ఆ వండ్రుమట్టి వల్లే. మరి లంకలు దింపుకోగా మిగిలిన మట్టి ఎటు పోతుంది? చూద్దామని మాఘంలో ఓ తెల్లవారుజామున బయల్దేరాను. ద్రాక్షారామం, యానాం దాటాక కోరంగి దగ్గర దొరికింది. అడవై నిలబడి ఉంది.

1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. చెక్కబాట పక్కన తెల్లమడ ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకించాను. ఉప్పు! వేళ్లు పీల్చిన ఉప్పును ఆకులు ఇలా బయటికి నెట్టేస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి కోసం వేళ్లే నేలలోంచి పైకి లేస్తాయి, మేకులు పాతినట్టు. ఉప్పుపొన్నది ఇంకో తీరు. గింజను తల్లిచెట్టే మొలకెత్తించి, కాడ పొడుగ్గా సాగాక గానీ బురదలోకి వదలదు. తిల్ల దగ్గర మాత్రం పడవ నడిపే పెద్దాయన నా చెయ్యి వెనక్కి లాగాడు. "దాని పాలు కంట్లో పడితే చూపు పోద్దండి బాబూ!"

పాటు తీస్తోంది. నీరు వెనక్కి జరిగేకొద్దీ బురద మెరుస్తూ బయటపడింది. దాని మీద వేలెడు చేపలు, మొప్పల్లో నీళ్లు దాచుకుని, ముందు రెక్కలే కాళ్లుగా పాకుతున్నాయి. మలుపులో నీటికుక్కల గుంపొకటి మమ్మల్ని చూసి బుడుంగున మునిగింది. బావురుపిల్లి కోసం కళ్లు కాయలు కాచాయి. రాత్రి వేటాడే జీవి, పగలెందుకు కనపడుతుంది? గట్టున అడుగుజాడ చూపించారు. దానికే పొంగిపోయాను.

ఇంకా మిగిలిన మన్నూ ఇసుకా సముద్రంలో పడి, రెండు శతాబ్దాల్లో కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బగా పెరిగాయి. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. బంగాళాఖాతం అలలన్నీ దానికే తగిలి విరుగుతాయి. అందుకే లోపలి కాకినాడ అఖాతం చెరువులా ఉంటుంది. పలకెక్కి అలల మీద జారాలనుకునే కుర్రాళ్లు విశాఖ రుషికొండకు పోవాలి, ఇక్కడ వాళ్లకు పనిలేదు. ఒడ్డున టెంటు వేసుకునే సరదా ఉన్నవాళ్లకు ఓ మాట. జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఈ ఇసుకెక్కి, ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగును నమ్మి సముద్రం దారి పడతాయి. మన లైటు చూస్తే ఎదురు నడుస్తాయి.

ఒకప్పుడు ఈ కోరంగి ఓడరేవు. ఇక్కణ్నుంచి బర్మా వెళ్లినవాళ్ల మూలంగా అక్కడ తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు పడింది. 1839 తుపాను రేవును ఊడ్చేసింది. మడ మాత్రం ఇంకా ఉంది. అయితే ఎగువన ఆనకట్టలు పెరిగి, మన్ను జలాశయాల్లోనే ఆగిపోతోంది. గౌతమి ఇప్పుడు తెచ్చేది వెనకటంత కాదు.

వెళ్లేవాళ్లు పాటు ఎన్నింటికో ముందే కనుక్కోండి. పోటు మీద వెళితే మీరు చూడబోయినవన్నీ నీళ్ల కిందే ఉంటాయి.