గేటు వేరైతే సరిపోదు

అమ్మానాన్న రియాద్ వచ్చినప్పుడు మా ఫ్లాటు ఇరుకని వారం రోజులకు ఓ విల్లాలో వాటా అద్దెకు తీసుకున్నాం. ప్రకటనలో ‘ప్రైవేట్ ఎంట్రన్స్’ అని ఉంది. గేటు వేరే, నిజమే. మెట్లెక్కాలంటే మాత్రం యజమాని వరండా దాటాలి. అక్కడ మగవాళ్లు కూర్చుని ఉంటే అమ్మ కిందికి దిగేది కాదు.

సౌదీ ఇళ్లకు రెండు ద్వారాలు మామూలే. ఒకటి కుటుంబానికి, ఇంకొకటి మజ్లిస్‌కు వచ్చే మగ అతిథులకు. రెస్టారెంట్లలో కుటుంబాలకు వేరే ద్వారం తప్పనిసరన్న నిబంధనను 2019 డిసెంబరులో ఎత్తేశారు. ఇళ్లలో ఆ పద్ధతి ఇంకా ఉంది. కాబట్టి రెండో గేటు కనిపించగానే అది మనకోసమే అనుకోకూడదు.

వీధి నుంచి మన గది దాకా ఎవరింట్లోంచీ నడవక్కర్లేకపోతేనే అది సొంత ద్వారం. డబ్బు కట్టకముందే గేటు నుంచి గది వరకు వీడియో తీసి పంపమనండి. మెట్లు, వరండా ఇంకెవరు వాడతారో మెసేజ్‌లో రాయించుకోండి.

ఆ వారమంతా అమ్మ రియాద్‌ను ఎక్కువగా కిటికీలోంచే చూసింది.