సముద్రమున గాలపువేట: గురుతులు, పనిముట్లు



సముద్రతీర గ్రామములకు సెలవుదినములలో పట్టణములనుండి బంధువులును స్నేహితులును వచ్చి, పడవనెక్కి గాలము వేయవలెనని ముచ్చటపడుట ఇప్పుడు తఱుచైనది. మన పిల్లలును వారితో బయలుదేరుదురు. జాలరికి వేట జీవనము, వీరికి వినోదము. అయినను అలకు ఆ భేదము తెలియదు. పడవ త్రోయకముందు “పోయి రండు” అనియో “నేడు వలదు” అనియో చెప్పవలసినవారు మీరే గనుక, విశాఖపట్టణపు తీరమున గాలము వేయుచు జాలరి పెద్దలవలన నేను నేర్చుకొన్న సంగతులు మీకు మనవి చేయుచున్నాను.

క్రొత్తవాడు మొట్టమొదట గాలమును గూర్చియు దారమును గూర్చియు అడుగును. అనుభవశాలి చోటును గూర్చి అడుగును. సముద్రమంతట చేపలు చల్లినట్లు ఉండవు. ఇసుకమేట నేలమీద రోజంతయు మంచి ఎర వేసినను రిక్తహస్తములతో తిరిగిరావచ్చును. దానికి అల్లంతదూరమున, నీటిక్రింద బండయున్న తావున, మోటుగాలమునకును చేప పడును. ప్రవాహము బండకు తగిలి పైకెగయును. ఆ సుడిలో చిన్నప్రాణులు చేరును, వానికై చిన్నచేపలు వచ్చును, వానిని తినుటకు పెద్దచేపలు కాచియుండును. అవి సాధారణముగా ప్రవాహము వచ్చువైపుననే నిలుచును. కావున ఎర ఆ వైపుననే దిగవలెను.

విశాఖనుండి భీమునిపట్టణమువఱకు తూర్పుకనుమల రాతినేల సముద్రములోనికి చొచ్చుకొని పోయినది. ఋషికొండవద్దను, మంగమారిపేటవద్దను ఒడ్డుననే బండలు కానవచ్చును. అట్టి బండలే నీటిక్రిందను కలవు. గోదావరి, కృష్ణల ముఖద్వారములవద్ద తీరము వేఱు. అచట అడుగు బురదయు ఇసుకయు. అక్కడ వెదకవలసినది బండను గాదు, నీటిరంగు మాఱు గీతను. వరదకాలమున ఎఱ్ఱనీరును నీలినీరును కలియుచోట నురుగు, చెత్త, ఆకులు బారుగా తేలుచుండును. ఆ గీతవెంబడి చిన్నచేపలు గుంపుగూడును. పక్షులు ఒకచోటనే మాటిమాటికి నీటిలోనికి దూకుచున్నచో, క్రింద పెద్దచేప చిన్నచేపలను తఱుముచున్నదని గ్రహింపవచ్చును.

అడుగు ఎట్టిదో పరీక్షించుటకు పాతపద్ధతి యొకటి కలదు. సీసపుగుండు అడుగుభాగమున చిన్నగుంట చేసి అందులో సబ్బు మెత్తి దింపవలెను. పైకి తీసినపుడు ఇసుకయో బురదయో అంటియుండును. ఏమియు అంటక సబ్బు నొక్కుకొనిపోయినచో క్రింద రాయి యున్నదన్నమాట. త్రాటికి బారకొక ముడి వేసికొనినచో లోతును తెలియును.

బండ దొరకినది సరే, మఱల అచటికే పోవుట యెట్లు? నీటిమీద మేకు పాతలేము. అందుకై మనవారు ఒడ్డుమీది గురుతులను పట్టుదురు. ఒడ్డుకు దగ్గఱగా నున్న గుడిగోపురమో కొబ్బరిచెట్టో ముందుగురుతు. దూరముననున్న కొండశిఖరము వెనుకగురుతు. ఈ రెండును ఒకదానివెనుక నొకటి వచ్చినపుడు పడవ ఒక గీతమీద నున్నదన్నమాట. మఱొకవైపున ఇట్టిదే యింకొక జత చూచుకొనవలెను. రెండు గీతలు కలియుచోటు బండ. రెండు గీతలు ఇంచుమించు అడ్డముగా, అనగా లంబముగా, ఖండించుకొనునట్లు జతలను ఎన్నుకొన్నచో చోటు సరిగా తేలును. గీతలు ఇఱుకుగా కలిసినచో బండ తప్పిపోవును.

ఇందు ఒక చిన్న సూత్రమును పిల్లలకు కంఠస్థము చేయింపుడు. ఒడ్డువైపు చూచుచుండగా వెనుకగురుతు ముందుగురుతునకు ఏవైపున బయటపడునో, పడవ ఆ వైపునకే జారినది. కొండ గోపురమునకు కుడివైపున కనబడినచో పడవ కుడికి పోయినది. ఎడమకు త్రోసికొనిన సరిపోవును. విశాఖవద్ద యారాడకొండ, కైలాసగిరి, భీమిలివద్ద పావురాళ్ళకొండ ఇట్టి వెనుకగురుతులకు తగినవి. అంతర్వేది వంటి కొండలులేని తీరమున దీపస్తంభము, దిక్సూచి, గడియారము ఆధారములు.

ఈ గురుతులే తిరిగివచ్చు దారిని చూపును. ఈ ప్రసంగమునకు ముఖ్యవిషయము ఇదియే. పడవలో నిలుచున్నవాని కన్ను నీటికి ఆఱడుగుల ఎత్తున నున్నచో సముద్రపు అంచు 5 కిలోమీటరులలోపుననే యుండును. దూరము పోయినకొలది మొదట ఇసుకయొడ్డు మునుగును, పిదప ఇండ్లు, చెట్లు, చివరకు కొండ. మంచు పట్టినచో ఇంకను ముందే మఱుగుపడును. కావున వినోదమునకు పోవు పడవకు హద్దు ఏదనగా, ముందుగురుతు కంటికి ఆనునంతవఱకే. అది మఱుగైన తక్షణమే పడవను వెనుకకు త్రిప్పవలెను. ఇంకొంచెము దూరమున పెద్దచేప యున్నదని ఎవరు చెప్పినను వినరాదు.

ఉపగ్రహముల సాయమున చోటుచూపు యంత్రములు నేడు ప్రతి చేతిఫోనులోను కలవుగదా, ఈ కొండలతో పనియేమి అని యువకులు అందురు. యంత్రము మంచిదే, వెంట నుండవలసినదే. కాని ఉప్పునీరు తగిలినను, బ్యాటరీ అయిపోయినను అది మూగపోవును. కొండ మూగపోదు. అదిగాక, 1999లో హైదరాబాదునందు స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచారసేవాకేంద్రము, ఉపగ్రహములద్వారా నీటి వేడిమిని, పచ్చదనమును కొలిచి, చేపలు చేరుటకు అవకాశముగల ప్రాంతములను తెలుపుచున్నది. అది విశాలమైన ప్రాంతమును చూపును. ఆ ప్రాంతమున బండ ఎచ్చటనున్నదో చూపునది పెద్దల జ్ఞాపకమే.

ఇక పనిముట్లు. మూడువిధముల వేటకు మూడువిధముల అమరిక చాలును.

మొదటిది బండమీద దించు గాలము. ఒక మిల్లీమీటరు మందము గల నైలాను దారము, చివర సీసము, సీసమునకు మూరెడు పైన ఒక గాలము, మఱిమూరెడు పైన రెండవది. సీసపు బరువు ఇంతయని నియమము లేదు. దారము నిలువుగా దిగుటకు ఎంత కావలెనో అంతయే. ప్రవాహము హెచ్చినపుడు బరువు హెచ్చింపవలెను. ఎరగా కవ్వలు గాని, కానాగంత ముక్కలు గాని వాడవచ్చును. సీసము నేలను తాకగానే రెండుజేనలు పైకి లాగి పట్టుకొనవలెను. లేనిచో గాలము రాతిసందున చిక్కును.

రెండవది పడవ నడచుచుండగా వెనుక లాగు గాలము. వంజరమునకును సూరలకును ఇదియే తగినది. దారమును 40, 50 మీటరులు వదలి పడవను మితమైన వేగమున నడపవలెను. వంజరపు పండ్లు కత్తెరవంటివి, నైలానును ఒక్క కొఱుకున త్రెంచును. కావున గాలమునకు ముందు జానెడు మొదలు మూరెడువఱకు ఉక్కుతీగె కట్టితీరవలెను. దారము మెలిపడకుండుటకు నడుమ తిరుగుడు కీలు వేయవలెను. సూరకు తీగె అక్కఱలేదు, మందపుదారము చాలును.

మూడవది నదీముఖమున పండుగప్పకు వేయు గాలము. బ్రతికిన రొయ్య దీనికి మంచి ఎర. పోటు తగ్గి నీరు సముద్రమువైపు మఱలినపుడు కాలువల నోళ్ళవద్ద ఇది కాచియుండును. పండుగప్పను గూర్చి ఒక వింత తెలియదగినది. అది మొదట మగదై, కొన్ని యేండ్లు పెరిగిన పిమ్మట ఆడుదిగా మాఱును. కావున మిక్కిలి పెద్దవి ప్రాయికముగా గ్రుడ్లు పెట్టు తల్లులే. వినోదమునకు పట్టువాడు అట్టిదానిని చూచి ముచ్చటదీర్చుకొని నీటిలో విడుచుట ధర్మము, లాభము కూడ.

గాలముల సంఖ్యలు క్రొత్తవారిని తికమక పెట్టును. సున్నా చేరని సంఖ్యలలో అంకె పెరిగినకొలది గాలము చిన్నది. గీతపెట్టి సున్నా చేర్చినవానిలో అంకె పెరిగినకొలది పెద్దది. బండచేపలకు 1/0 మొదలు 4/0 వఱకు, వంజరమునకు 5/0 మొదలు 8/0 వఱకు సరిపోవును. ముడి వేయునపుడు దారమును అయిదుచుట్లు త్రిప్పి, బిగించుటకు ముందు తడిచేయవలెను. పొడిగా బిగించిన నైలాను రాపిడివేడికి బలము కోల్పోవును. పెద్దచేప తప్పిపోయిన సందర్భములలో ముడి విడిపోయినవే పెక్కు.

దారమును చేతికి ఎన్నడును చుట్టుకొనరాదు. చేప ఒక్కసారి గుంజినచో వ్రేళ్ళు తెగును, మనిషియు నీటిలో పడును. చేతికి గుడ్డ చుట్టుకొని దారమును జాఱవిడుచుచు పట్టవలెను. పదునైన కత్తి ఒకటి అందరికి తెలిసిన చోట ఉంచవలెను.

బండమీద నిలుచుటకు లంగరును బండకు ఎగువన, ప్రవాహము వచ్చువైపున వేసి, త్రాడు వదలుచు పడవను చోటిమీదికి తెచ్చుకొనవలెను. త్రాడు లోతునకు మూడురెట్లకు తక్కువ కారాదు. లంగరును పడవ ముందుభాగముననే కట్టవలెను. వెనుక కట్టిన పడవలోనికి అల ఎక్కును. లంగరు రాతిలో చిక్కుట తఱుచు. కావున పెద్దత్రాటిని లంగరు అడుగుభాగమునకు గట్టిగా కట్టి, పైకడియమునకు సన్నని పురికొసతో మాత్రమే బిగింపవలెను. చిక్కినపుడు గట్టిగా లాగిన పురికొస తెగి, లంగరు తలక్రిందులుగా ఊడివచ్చును.

దినము నెంచుటయు చోటు నెంచుటవంటిదే. అమావాస్య, పూర్ణిమల దాపున ఆటుపోటులు హెచ్చు, నీటివడి హెచ్చు. అష్టమి దాపున తక్కువ. క్రొత్తవారిని అష్టమి దినములలో పంపుట మేలు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. అది చేపలు సంతతి పెంపొందించుకొను కాలమని విధించిన నిషేధము. వినోదమని చెప్పి దానిని తప్పించుకొనరాదు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1977 నవంబరులో దివిసీమకును, 2014 అక్టోబరు 12న విశాఖకును కలిగిన విపత్తులు మీరెఱుగుదురు. రేవులలో ఎగురవేయు హెచ్చరికలలో 1, 2 సంఖ్యలు దూరపు తుపానును, 3వ సంఖ్య రేవునకే గాలివాన భయమును తెలుపును. నా మాట యేమనగా, ఏ సంఖ్య యెత్తినను వినోదపు పడవ ఒడ్డుననే ఉండవలెను. ప్రతివానికి తేలుడు చొక్కా ఉండవలెను, అది పడవ అడుగున గాక ఒంటిమీద ఉండవలెను. ఆపదలో తీరరక్షకదళమును 1554 సంఖ్యకు పిలువవచ్చును. ఎవరెవరు పోయినది, ఏ బండకు పోయినది, ఎన్నిగంటలకు వచ్చెదమన్నది ఒడ్డున ఒకరికి చెప్పి పోవుట అన్నిటికంటె మేలైన రక్ష.

పట్టిన చేపను మంచులో పెట్టుడు. సూర, వంజరము, కానాగంత ఎండలో పడియున్నచో కొలది గంటలలోనే మాంసమున హిస్టమిన్ అను పదార్థము పుట్టును. ఎంత వండినను అది పోదు. ముఖము ఎఱ్ఱబాఱి, తలనొప్పి, వాంతులు కలుగును. జెల్లముల్లు గాని టేకుతోక ముల్లు గాని గ్రుచ్చుకొన్నచో, చర్మము కాలకుండ ఓర్వగలిగినంత వేడినీటిలో ఆ భాగమును ఉంచిన బాధ తగ్గును. పిదప వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

చివరిమాట గురుతులను గూర్చి. బండగురుతు జాలరికి పొలము వంటిది. తండ్రి కొడుకునకు చెప్పునుగాని పదిమందికి చాటడు. వినోదమునకు వచ్చినవాడు అతిథి. గురుతు చూపిన జాలరికి కూలి ఇచ్చి, అతడు వేయుచున్న బండమీద తాను లంగరు వేయక, తెలిసికొన్న చోటును ఇతరులకు ప్రకటింపక మెలగవలెను. కాని ఇప్పటి పిల్లలు యంత్రమును నమ్మి గురుతులు అడుగుట మానినారు. ఎనుబదియేండ్ల వృద్ధునితో ఇరువది బండలు కనుమఱుగగుచున్నవి. కావున ప్రతి గ్రామమున ఒక పుస్తకము పెట్టి, బండపేరు, రెండు గురుతుల జతలు, బారల లోతు, అడుగు స్వభావము, ఏ నెలలో ఏ చేప అను సంగతులు వ్రాయించి, ఆ గ్రామపు జాలరి కుటుంబములవద్దనే భద్రపఱపుడు. ముందుగురుతుగా నున్న చెట్టు పడిపోయినను, మేడ లేచి గోపురము మఱుగైనను, ఆ మార్పును అందులో ఎక్కింపుడు. వ్రాయగలవారు మీలో కలరు, చెప్పగల వృద్ధులు ఇంకను కలరు. ఈ రెండును ఒకచోట నున్నది ఇప్పుడే.

సెలవు.