నీళ్లపొయ్యి పొగ ఎక్కడికి పోతుంది?

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి అనగానే చాలామందికి టోల్‌గేటే గుర్తొస్తుంది. ఆ ఊళ్లోనే, కొండల నడుమ, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అంతరిక్ష విభాగం కింద నడిచే ఈ సంస్థకు పేరు తెచ్చింది అక్కడి ఎం.ఎస్.టి. రాడార్. మనకిక్కడ కావలసింది మాత్రం ఏథలోమీటర్ అనే చిన్న పరికరం. అది బయటి గాలిని సన్నని గొట్టంతో పీల్చి ఒక తెల్లటి వడపోత టేపు గుండా పంపుతుంది. గాలిలోని మసి టేపు మీద చుక్కగా పేరుకుంటుంది. ఆ చుక్క మీదికి ఏడు రంగుల కాంతిని ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఏ కాంతిని మసి ఎంత పీల్చుకుందో పరికరం కొలుస్తుంది.

ఒక కాంతి చాలదా, ఏడెందుకు? డీజిల్ మసికీ కట్టెపొగకూ ఉన్న తేడా అక్కడే బయటపడుతుంది కాబట్టి. డీజిల్ మసి దాదాపు అంతా నల్లటి కర్బనం. కట్టెపొగలో దానితోపాటు సగం కాలిన తారులాంటి పదార్థాలూ ఉంటాయి. వాటిది గోధుమ రంగు. అవి నీలి కాంతినీ, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతినీ మరీ ఎక్కువగా పీల్చుకుంటాయి. ఈ తేడాను పట్టుకుంటే గాలిలోని మసిలో బండ్ల వాటా ఎంతో, కట్టెలూ ఆకులూ కాల్చగా వచ్చిన వాటా ఎంతో విడదీయవచ్చు. హరీశ్ గాధవి, ఎ. జయరామన్ అనే శాస్త్రవేత్తలు గాదంకిలో 2008లో తీసిన కొలతలతో సరిగ్గా ఇదే చేసి, 2010లో ప్రచురించారు. పల్లెగాలి పరిశుభ్రమని మనం అలవాటుగా అనుకుంటాం. ఆ పల్లెగాలిలోనూ కట్టె మంటల గుర్తును చదవవచ్చని మన జిల్లాలోనే తేలింది.

ఇప్పుడు కట్టెలెవరు కాలుస్తున్నారు, ఇంటింటికీ గ్యాసు వచ్చింది కదా అని అడిగేవాళ్లు ఉంటారు. వచ్చిన మాట నిజమే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో శుభ్రమైన ఇంధనంతో వండుకునే ఇళ్లు 2015-16లో నూటికి 62 ఉంటే, 2019-21 నాటికి దాదాపు 84కు పెరిగాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ సర్వే అడిగేది వంటకు ప్రధానంగా ఏ ఇంధనం వాడతారని. స్నానానికి నీళ్లు దేనిమీద కాస్తారన్నది ఆ లెక్కలోకి రాదు.

మన పల్లెల్లో, తిరుపతి చుట్టుపక్కల పేటల్లో కూడా, కట్టెలపొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి మారింది, అంతే. టీ, కూర, తాళింపు గ్యాసు మీద. స్నానాల నీళ్లు, పశువుల కుడితి, పదిమందికి సంగటి కట్టెల మీద. పెద్ద కుండలో సంగటి కెలకాలంటే కుండ కదలకుండా నిలవాలి, గ్యాసు పొయ్యి మీద అది కుదరదంటారు ఆడవాళ్లు. అది నిజం. నీళ్లపొయ్యి సంగతి వేరు. తెల్లవారకముందే కాగు కింద మామిడి పుల్లలు, టెంకాయ మట్టలు, కంది కంప, సర్కారు తుమ్మ, చేతికి ఏది దొరికితే అది దూరుస్తారు. అంటుకోకపోతే ఒక పాల కవరు వేస్తారు. పొయ్యి కుదురుకున్నాక ఎవరూ దగ్గర కూర్చోరు. అది పొగలు కక్కుతూ ఒంటరిగా మండుతుంటుంది.

అసలు పొగ ఎందుకు వస్తుంది? కట్టె నేరుగా మండదు. వేడికి అందులోంచి వాయువులు బయటికొస్తాయి. మంటగా కనిపించేది ఆ వాయువులు గాలితో కలిసి కాలడమే. వేడి చాలకపోయినా గాలి అందకపోయినా అవి కాలకుండానే తప్పించుకుని, చల్లబడి, సన్నని తుంపరలుగా, మసిరేణువులుగా గడ్డకడతాయి. కాలకుండా మిగిలిన కట్టే పొగ. పచ్చి కట్టెలో పుట్టిన వేడి ముందు తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది కాబట్టి మంట చల్లబడి పొగ పెరుగుతుంది. చన్నీళ్లు నింపిన పెద్ద కాగు అడుగు కూడా మంటను చల్లార్చేదే. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, క్యాన్సర్ తెచ్చే బెంజోపైరీన్ ఉంటాయి. రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కంటే సన్నవి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. ముక్కులో, గొంతులో చిక్కుకోకుండా అవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి.

ఒక లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో రోజుకు 40 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 3.3 మెగాజౌళ్ల వేడి కావాలి. ఎండిన కట్టె కిలోలో 15 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, మామూలు పొయ్యి మీద అందులో ఎనిమిదో వంతు కాగుకు చేరితే అదే గొప్ప. అంటే రోజుకు పావుతక్కువ రెండు కిలోల కట్టె. కిలోకు 5 గ్రాముల సన్నధూళి వస్తుందనుకుంటే ఒక్కపూట నీళ్లకు 9 గ్రాములు. మన దేశ ప్రమాణం ప్రకారం ఘనమీటరు గాలిలో 24 గంటల సగటున సన్నధూళి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ 9 గ్రాములు లక్షా యాభై వేల ఘనమీటర్ల గాలిని ఆ హద్దుకు తెచ్చేస్తాయి. ఇది ఒక్క ఇంటి లెక్క.

పెరట్లో మండుతోంది కదా, గాలికి పోతుందిలే అనిపిస్తుంది. పగలైతే కొంతవరకు పోతుంది. ఎండకు నేల వేడెక్కి, గాలి కిందామీదా కలిసిపోయి, పొగ కిలోమీటరుకు పైగా ఎత్తున పలచబడుతుంది. చలికాలం తెల్లవారుజామున అలా జరగదు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కదలకుండా ఉంటుంది. పైన వెచ్చటి గాలి పరుచుకుని కిందిదాన్ని లేవనివ్వదు. కొండల మధ్య పల్లాల్లోకి చల్లగాలి ఇంకా దిగుతుంది. నీళ్లపొయ్యి ముట్టించేది సరిగ్గా ఆ గంటలోనే. ఊరి మీద అడ్డంగా పరుచుకుని కనిపించే ఆ తెల్లని పొర అంతా మంచే అనుకోకండి. చెన్నైలో 2018 జనవరి 13న భోగి మంటల పొగ విమానాలనే ఆపేసింది.

ఇళ్లలోని పొగను మన దేశంలో మొదట శ్రద్ధగా కొలిచినవారిలో కిర్క్ స్మిత్ ఒకరు. 1981లో ఆయన గుజరాత్ పల్లెల్లో, వండే ఆడవాళ్లు పీల్చే గాలినే కొలిచారు. తర్వాత చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్లు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించింది. గ్యాసు వాడే ఇళ్లలో లోపలికి పీల్చే ధూళి రోజు సగటు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెల వంటి ఘన ఇంధనాలు వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. గ్యాసున్న ఇంట్లోనూ 73 ఉందన్నది గమనించండి. పక్కింటి పొగకు గోడ అడ్డం కాదు. దేశమంతటా ఇళ్లలో వంటకు, నీళ్లకు, చలికి, దీపాలకు ఇలాంటి ఇంధనాలు కాల్చడం పూర్తిగా మానేస్తే బయటి గాలిలోని సన్నధూళి సగటు కూడా జాతీయ వార్షిక ప్రమాణమైన 40 మైక్రోగ్రాముల లోపుకు దిగుతుందని ఢిల్లీ ఐఐటీ శాస్త్రవేత్తలు 2019లో లెక్కగట్టారు. ఆ పరిశోధనలో స్మిత్ కూడా ఉన్నారు.

ఈ పొగ పిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఎడతెగని దగ్గు ఆయాసం, గుండెజబ్బు, కంటిలో శుక్లం తెస్తుంది. 2019లో ఇళ్లలోని పొగ వల్ల దేశంలో సుమారు 6.1 లక్షల మంది చనిపోయారని అంచనా. 1990తో పోలిస్తే ఆ మరణాల రేటు 64 శాతం తగ్గింది.

మరో పరిశోధన గురించి దాచకుండా చెప్పాలి. తమిళనాడుతోపాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లో 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాసు ఉచితంగా ఇంటికే చేర్చారు. వాళ్లు పీల్చే సన్నధూళి 24 మైక్రోగ్రాములకు దిగింది. కట్టెల మీద వండినవాళ్లలో అది 71. అయినా 2022లో వచ్చిన ఫలితాల్లో పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గ్యాసు దండగని దీన్నిబట్టి అనలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే వార్షిక హద్దు 5 మైక్రోగ్రాములే, 24 దానికి దాదాపు అయిదింతలు. నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. గ్యాసు డబ్బు లేకుండా గడపదాకా వచ్చినప్పుడు ఆ కుటుంబాలు కట్టెలపొయ్యిని దాదాపు పూర్తిగా మానేశాయి. పల్లె ఆడవాళ్లు అలవాటు మానరని మనం తేలిగ్గా అనేస్తాం. అడ్డం ఖర్చే.

ఆ ఖర్చు ఎంతో చూడండి. పైన చెప్పిన 40 లీటర్ల నీళ్లను ఏడాది పొడుగునా గ్యాసు మీద కాస్తే నెలకు మూడున్నర కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండర్‌లో నాలుగో వంతు పడుతుంది. ఏడాదికి మూడు సిలిండర్లు. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నవీ మూడే. అవన్నీ స్నానాలకే సరిపోతాయి. ఏ ఇల్లాలు మాత్రం ఆ పని చేస్తుంది?

అందుకే నీళ్లకు ఎండే దారి. రాయలసీమలో దానికి కొదవ లేదు. రెండు చదరపు మీటర్ల సోలార్ హీటరు రోజుకు 100 లీటర్లు కాస్తుంది. తిరుమలలో లడ్డూ తయారీకి 1984 దాకా కట్టెలే వాడి, తర్వాత గ్యాసుకు మారారు. 2002లో అన్నప్రసాదం వంటకు 106 సోలార్ డిష్‌లతో ఆవిరి తయారుచేసే ఏర్పాటు చేశారు. కొండమీద వేలమందికి వండేచోట కుదిరినది, కింద ఊళ్లలో నలుగురున్న ఇంటికి కుదరదనడం సరికాదు. చిత్తూరు నగరం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉంది. ఆ ప్రణాళికలో రోడ్ల దుమ్ము, బండ్లతోపాటు నీళ్లపొయ్యినీ లెక్కించాలి. ప్రభుత్వం కట్టించే ప్రతి ఇంటి మిద్దె మీదా సోలార్ హీటరు ఇవ్వాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. కట్టెలు వానకు తడవనీయకండి, సన్నగా చీల్చి బాగా ఎండాకే పొయ్యిలో పెట్టండి. కాగు మీద మూత వేయండి. పొయ్యి కిటికీలకు, పిల్లలు పడుకునే గదికి దూరంగా ఉండాలి. గర్భిణులను ఆ పొగ దరికి పంపకండి. పొయ్యి రాజేయడానికి పాల కవర్లు, ప్లాస్టిక్ సంచులు మాత్రం ఎప్పుడూ వాడకండి.