రొట్టెలో సున్నం

సున్నం అనగానే మనకు గోడలూ, అవ్వల తాంబూలమూ గుర్తొస్తాయి. రొట్టెపిండికి కూడా సున్నం కావాలంటే ఎవరైనా నమ్ముతారా? పోయిన వేసవి సెలవుల్లో లాస్ ఏంజెల్స్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ మాట విని నేనూ నమ్మలేదు.

ఒక రాత్రి అక్క నన్ను వాళ్ళ వీధి చివర టాకో బండికి తీసుకుపోయింది. మన బళ్ళారిలో సాయంత్రమైతే ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి చుట్టూ ఎట్లా చేరతామో అక్కడా అంతే. ఫుట్‌పాత్ మీద ఒక బల్ల, పెద్ద పెనం, వేలాడే బల్బు. కుర్చీలు లేవు, నిలబడే తినాలి. మెక్సికో నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ బండి నడుపుతోంది.

టాకో అంటే అరచేతంత మొక్కజొన్న రొట్టెలో పెట్టిన కూర. ఆ రొట్టె పేరు టోర్టియా. మాంసమో కూరో పెట్టి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర చల్లి, పక్కన నిమ్మబద్ద ఇస్తారు. రొట్టెను మడిచి నిటారుగా పట్టుకుని, మన తలనే పక్కకు వంచి కొరకాలి. నేను రొట్టెను వంచాను, కూరంతా చెప్పుల మీద పడింది!

బండి పక్కన నిలువు కమ్మీకి గుచ్చిన మాంసం మంట దగ్గర తిరుగుతుంటుంది. దాన్ని 'ట్రాంపో' అంటారు, అంటే స్పానిష్‌లో బొంగరం. ఈ పద్ధతి లెబనాన్ నుంచి మెక్సికోకు వలస వచ్చినవాళ్ళు తెచ్చిన షవర్మా. మెక్సికోలో దానికి పంది మాంసం, మిరపకాయల ముద్ద, అనాసపండు తోడై 'అల్ పాస్తోర్' అయింది. శాకాహారులకు చీజ్ పెట్టిన కెసాదియా, కొన్నిచోట్ల నాగజెముడు కూర దొరుకుతాయి. చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు కలిపే అలవాటుంది కాబట్టి అడిగి తినాలి.

గిన్నెల్లో ఉండే సల్సాలు మన రోటిపచ్చళ్ళకు అక్కచెల్లెళ్ళు. వాటినీ రాతి రోట్లో నూరడం అక్కడి పాత పద్ధతి. మిరప, టమాటా రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. టమాటా అనే మాట మెక్సికో ప్రాంతపు నవాత్ల్ భాషలోని 'తోమత్ల్' నుంచి వచ్చింది. తెలుగు విభాగంలో చదివే మనం రోజూ ఒక నవాత్ల్ మాట పలుకుతున్నామన్నమాట!

ఇక సున్నం సంగతి. ఇంట్లో మనం మొక్కజొన్న పిండితో రొట్టె తడితే అంచులు విచ్చిపోతాయి. బండి దగ్గర ఆమె చేసే రొట్టె మాత్రం మడిచినా చిరగలేదు. ఎట్లా అని అక్క చేత అడిగించాను. 'కాల్' అంది ఆమె. అంటే సున్నం. గింజలను సున్నపునీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగితే పైపొట్టు ఊడిపోతుంది. కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం చాలు. ఆ తర్వాత రుబ్బితే పిండి జిగటగా ముద్దకు వస్తుంది. ఈ పద్ధతికి మూడు వేల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. మెక్సికో ఆడవాళ్ళు తరతరాలుగా మోకాళ్ళ మీద కూర్చుని, మన సన్నికల్లు లాంటి 'మెతాతే' మీద ఆ పిండి నూరారు.

ఇది జిగట కోసం మాత్రమే కాదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, మన ఒంటికి అందకుండా బిగిసి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. స్పెయిన్ వాళ్ళు మొక్కజొన్నను యూరప్‌కు తీసుకుపోయారు గానీ, సున్నం పద్ధతి దానితో పోలేదు. ఫలితం పెల్లాగ్రా జబ్బు. ఎండ తగిలిన చర్మం గరుకై నల్లబడుతుంది, విరేచనాలవుతాయి, మతి తప్పుతుంది, చివరికి ప్రాణం పోతుంది. ఇటలీలో, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే ముఖ్యాహారమైన పేదలు వేలమంది చనిపోయారు. ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపమని 1914 నుంచి పరిశోధించిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపించారు. నియాసిన్‌తో నయమవుతుందని 1937లో తేలింది.

ఈ జబ్బు మనకు దూరందేమీ కాదు. జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా కనబడటంపై హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య పరిశోధించి 1960లో వ్యాసం ప్రచురించారు.

ఇంటికొచ్చి ఇదంతా మా అవ్వకు చెప్పాను. ఆమె సున్నపుకాయ మూత పెడుతూ, "ఒట్టి జొన్నరొట్టె ఒంటికి పట్టదే, పక్కన పప్పో ఆకుకూరో ఉండల్ల" అంది. ఎందుకవ్వా అంటే, "మాయమ్మ చెప్పింది" అంది. బండి దగ్గర ఆమెను సున్నం ఎందుకని అడిగినప్పుడూ ఇదే జవాబు వచ్చింది!

గింజను ఓడకెక్కించిన వాళ్ళు, పిండి నూరే ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో. మీ ఇళ్ళలోనూ ఇట్లా 'మాయమ్మ చెప్పింది' అనే వంట పద్ధతులు ఉంటాయి. అడిగి రాసి తీసుకురండి, వచ్చే నెల ఈ గోడ మీద పెడదాం.